క్యాసంబళ్ళి నుండి ముఖ్యమంత్రి పీఠానికి



బంగారు గనులకు సమీపాననున్న క్యాసంబళ్ళిలో 1902లో జన్మించిన చెంగలరాయరెడ్డి గారు న్యాయశాస్త్ర పట్టభద్రులు. వారు తమ విద్యను ధనార్జనకు గాక ప్రజాసేవకు వినియోగించారు. మైసూరు సంస్థానంలో ప్రజలకు జవాబుదారీ వహించే ప్రభుత్వమే వారి ధ్యేయం.

1938 ఏప్రిల్ 25న నాటి కోలారు జిల్లా విదురాశ్వత్థంలో జెండా పండుగకు చేరిన జనంపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు అసువులు బాశారు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా సంస్థానంలో అధికారం ప్రజలకు దక్కలేదు. అప్పుడు రెడ్డి గారి నాయకత్వాన ‘మైసూరు చలో’ ఉద్యమం సాగింది. మహారాజు సమ్మతించగా, ఆ అక్టోబరులోనే వారు మైసూరు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అనంతరం కేంద్రమంత్రిగా, మధ్యప్రదేశ్ గవర్నరుగా సేవలందించి 1976లో పరమపదించారు.

2001లో గనులు మూతబడ్డాయి. భూగర్భంలోని పసిడికి అంతమున్నది. పరులకు ఉపకరించే చదువుకు లేదు. పిల్లలారా, ఆ చదువే మీరు ఆర్జించవలసిన బంగారం!