ఆకులన్నీ ఒకే ఆకు

 

చదువయ్యాక నాకు దొరికిన మొదటి పని వృక్షశాస్త్ర పుస్తకాలకు బొమ్మలు గీయడం. నల్లసిరా, సన్నటి పాళీ. ఎడిటరు గారు భూతద్దంతో కేసరాలు లెక్కపెట్టాకే డబ్బు చేతిలో పెట్టేవారు. ఇప్పుడు ఆరడుగుల కాన్వాసు మీద అగ్నిశిఖను నీలం, గులాబీ, నిమ్మపచ్చల్లో వేస్తున్నాను. చూసినవాళ్లు ‘ఎంత స్వేచ్ఛండీ!’ అంటారు. కాస్త దగ్గరికి రండి. కేసరాలు ఆరే. ఆకు కొస నులితీగై పక్క కొమ్మను పట్టుకునే ఉంది. కీలం మొదట్లోనే విరిగినట్టు పక్కకు వంగే ఉంది. ఒక వృక్షశాస్త్రవేత్త ఆ నీలం పువ్వు ముందు నిలబడి దాని శాస్త్రీయనామం ఠక్కున చెప్పేశాడు. నాకొచ్చిన అవార్డులన్నీ ఆ మాట తర్వాతే.

నాకీ పిచ్చి అంటించింది ఈ ఊరే. రాబర్ట్ వైట్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1838 నుంచి 1853 దాకా ఇక్కడే, మద్రాసులో అచ్చువేయించిన ‘ఐకోన్స్’ అనే మొక్కల బొమ్మల గ్రంథంలో 2,101 పటాలున్నాయి. వాటిలో చాలావాటిని గీసింది రంగయ్య, గోవిందు అనే మన తెలుగువాళ్లు. వైట్ పటాల కింద వాళ్ల పేర్లు వేశాడు, ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. శాస్త్రంలో ఆ పేరు నిలవలేదు, అది వేరే బాధ. అచ్చులో మిగిలింది ఎక్కువగా నల్ల గీతలే. వాటిని చూసే నాకు రంగుల మీద ఆకలి పుట్టింది.

ఇక ఈరోజు పట్టాలు అందుకోబోతున్న మీ సంగతి. మీ బొమ్మల ప్రదర్శన చూశాను. రంగులు అదిరాయి. ఆకులు మాత్రం, నాయనలారా, అన్నీ ఒకే ఆకు! మామిడికీ అదే, మందారానికీ అదే. మందారాకు అంచుకు పళ్లుంటాయి, మామిడాకుకు ఉండవు. గుమ్మాలకు తోరణాలు కట్టిన చేతులే కదమ్మా మీవి? ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికెళ్లి వేస్తారు. ఫొటోలో ఆకు వెనక వైపు ఎక్కడుంటుంది? అగ్నిశిఖ పసుపుపచ్చగా విచ్చి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. అదంతా చూడాలంటే మొక్క పక్కన కూర్చోవాలి. రీల్స్‌కి ఉన్న తీరిక దీనికి లేదా?

వానలు పడ్డాక అగ్నిశిఖను వెతకండి. తమిళనాడు రాష్ట్రపుష్పమే, కంచెల మీద పాకుతుంది. దుంప మాత్రం విషం, తాకిన చేతులతో ఇడ్లీ తినకండి. ప్రిన్సిపల్ గారూ, ఇక పట్టాలు ఇచ్చేయండి. వీళ్ల చూపులన్నీ భోజనాల వైపే ఉన్నాయి.