ఫౌంటెన్ పెన్ కొంటున్నారా? ముందు షాపులోనే 'థ' రాసి చూడండి

ఈ మధ్య మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "బ్రో, మంచి ఫౌంటెన్ పెన్ ఒకటి చెప్పు." పేరు చెప్పేస్తే ఈ వీడియో పది సెకన్లలో అయిపోతుంది. కానీ నాకు నచ్చిన పెన్ను మీ చేతికి నప్పకపోతే మీ డబ్బు వేస్టు, పెన్ను డ్రాయర్‌లో. అందుకే ఈరోజు పేరు కాదు, ఎలా ఎంచుకోవాలో, కొన్నాక ఎలా చూసుకోవాలో చెప్తాను.

ముందే ఒక మాట. మీరు రోజుకి కనీసం అర పేజీ కూడా చేత్తో రాయరా? అయితే కొనకండి. ఫౌంటెన్ పెన్ను ఖాళీగా కూర్చుంటే పాడయ్యే వస్తువు. లోపల సిరా ఎండి గడ్డకడుతుంది. రాసేవాళ్ల దగ్గరే అది బాగుంటుంది.

సరే, రాస్తారు. అయితే ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషంలో చూద్దాం.

[పాళీ విప్పి కెమెరాకి దగ్గరగా చూపిస్తూ]

ఇది పాళీ, అంటే నిబ్. మధ్యలో సన్నని చీలిక కనిపిస్తోందా? దాని కింద ఉన్న ఈ నల్లటి ముక్క ఫీడ్. ఇందులో సన్నని కాలువలుంటాయి. వాటిలోంచి సిరా పాళీ దాకా వస్తుంది. బయటికి వెళ్లిన సిరా చోటులోకి గాలి లోపలికి వెళ్తుంది. అంతే, మొత్తం సిస్టమ్ ఇదే. ఇన్‌పుట్ గాలి, అవుట్‌పుట్ సిరా. చాలా ప్రాబ్లమ్స్ ఈ దారి మూసుకుపోవడం వల్లో, గాలి ఎక్కువవడం వల్లో వస్తాయి. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు కొనడం. మొదటిది పాళీ సైజు. ఫైన్, మీడియం, బ్రాడ్ అని ఉంటాయి. ఇంగ్లీషు రివ్యూలు చూసి చాలామంది మీడియం తీసుకుంటారు. కానీ మనం తెలుగు కూడా రాస్తాం కదా. మనవి గుండ్రటి అక్షరాలు, కింద ఒత్తులు, పైన గుడులు. లావు పాళీతో చిన్నగా రాస్తే 'థ' మధ్యలో చుక్క పూడుకుపోతుంది. 'క్ష్మి', 'స్త్రీ' లాంటివి ముద్దలా తయారవుతాయి. కాబట్టి షాపులో మీ పేరు, గీతలు కాదు, ఈ మూడూ రాసి చూడండి. మీ నోటుబుక్కు కాగితం ఒకటి వెంట తీసుకెళ్లండి. షాపువాళ్లిచ్చే మంచి కాగితం మీద ఏ పెన్నైనా బాగానే రాస్తుంది. ఇంకోటి, జపాన్ కంపెనీల ఫైన్, జర్మనీ కంపెనీల ఫైన్ ఒకటి కాదు. జపాన్‌ది సాధారణంగా సన్నగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి.

రెండోది, బంగారం పాళీయా, స్టీలా? బంగారందైతే ధర చాలా పెరుగుతుంది. కానీ కాగితాన్ని తాకేది బంగారం కాదు ఫ్రెండ్స్, కొసన అతికించిన గట్టి మిశ్రలోహపు గుండు. మంచి స్టీలు పాళీకి కూడా అది ఉంటుంది. నున్నగా రాయడం ఆ గుండు ఎలా సానబట్టారన్న దాన్ని బట్టే. మొదటి పెన్నుకి స్టీలు చాలు.

మూడోది, సిరా ఎలా నింపాలి. కన్వర్టర్ పెన్నైతే సులువు, శుభ్రం చేయడం కూడా సులువే. కానీ దాంట్లో సిరా సాధారణంగా ఒక మిల్లీలీటరు లోపే పడుతుంది. మనవాళ్లకి బాగా తెలిసింది ఫిల్లర్‌తో పోసేది. బాడీ మొత్తం సిరా సీసానే. పెద్దదైతే రెండు మూడు మిల్లీలీటర్లు పట్టేస్తుంది.

ఇక్కడ రాజమండ్రి పేరు చెప్పకపోతే తప్పు. అక్కడ కె.వి. రత్నం 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమం రోజుల్లో పుట్టినవి. గాంధీజీ 1935లో ఆ పెన్ను అందుకుని ఉత్తరం కూడా రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి చేసే పెన్నులివి. ఎబొనైట్ అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. చేతిలో వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. ప్లాస్టిక్ లాగా జారదు.

ఇప్పుడు కేర్. జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మంచి పెన్నులు పాడయ్యేది ఇక్కడే.

ఒకటి: ఫౌంటెన్ పెన్ సిరా మాత్రమే పోయండి. డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంక్ పొరపాటున కూడా వద్దు. అది ఎండితే నీళ్లకి కరగదు, ఫీడ్ కాలువలు మూసుకుపోతాయి.

రెండు: నెలకోసారి, సిరా రంగు మార్చినప్పుడల్లా మామూలు నీళ్లతో కడగండి. నీళ్లు తేటగా వచ్చేదాకా. వేడినీళ్లు వద్దు. ఎబొనైట్ అయితే వేడికి, తడికి, ఎండకి నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి తిరుగుతుంది. కిటికీ దగ్గర ఆరబెట్టకండి, మెత్తటి గుడ్డతో తుడవండి.

మూడు: ఫిల్లర్‌తో పోసే పెన్ను జేబులో కారిందా? మరల దగ్గర కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. అయినా పాళీ దగ్గర చుక్క పడుతోందంటే లోపల సిరా తగ్గిపోయింది. ఖాళీ చోట ఉన్న గాలి మీ చేతి వేడికి వ్యాకోచించి సిరాని నెట్టేస్తోంది. మూడో వంతుకి రాగానే మళ్లీ నింపేయండి. అంతే, రిపేరు అక్కర్లేదు.

నాలుగు: నొక్కి రాయకండి. బాల్‌పెన్ అలవాటు ఇదే. ఫౌంటెన్ పెన్నుని కాగితం మీద ఆనించి లాగితే చాలు. "పెన్ను వేరేవాళ్లకి ఇస్తే పాళీ పాడవుతుంది" అంటారు కదా, ఒక సంతకంతో అరిగిపోయేదేం కాదు. వాళ్లు బాల్‌పెన్ లాగా నొక్కితే మాత్రం పాళీ కొసలు విడిపోతాయి. ఇచ్చేముందు ఒక మాట చెప్పండి.

[పాత నల్ల పెన్ను ఒకటి చేతిలోకి తీసుకుని]

చివరగా అసలు విషయం. మీ ఇంట్లో బీరువాలోనో, పాత ట్రంకుపెట్టెలోనో తాతయ్యదో అమ్మమ్మదో ఇలాంటి పెన్ను ఒకటి ఉండొచ్చు. "రాయట్లేదు" అని పక్కన పడేసుంటారు. కొత్తది కొనేముందు అది తీయండి. మూత బిగుసుకుపోతే పట్టకారు వాడొద్దు, చేత్తో మెల్లగా తిప్పండి. బాడీ విప్పి చూడండి. లోపల రబ్బరు సంచి ఉంటే అది ఎండిపోయి ఉంటుంది, మార్పించాలి. ఫిల్లర్‌తో పోసే రకమైతే లోపల చెడిపోవడానికి ఏమీ లేదు! చాలాసార్లు ఉన్న జబ్బల్లా ఎండిన సిరానే. గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, పాళీ వరకే ముంచండి, బాడీని ముంచొద్దు. నీళ్లు నల్లబడగానే మార్చండి. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టండి. అప్పటికీ రాయకపోతే పెన్నులు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఈ పని తెలిసినవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా దొరకని రోజులివి, ఉన్నప్పుడే చూపించుకోవాలి. పాళీ మార్చాలంటే మార్పించండి, కానీ పాతది అడిగి వెనక్కి తెచ్చుకోండి.

రాస్తే మాత్రం మీకు పైసా ఖర్చు లేదు. పైగా ఆ పెన్ను పట్టుకున్న చెయ్యి ఇంకా ఇంట్లో ఉంటే, మొదటి వాక్యం వాళ్లతోనే రాయించండి.

ఈ వీడియో నచ్చితే ఇంట్లోవాళ్లకి షేర్ చేయండి, ముఖ్యంగా బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్లకి. వచ్చే ఎపిసోడ్‌లో కాగితం గురించి మాట్లాడుకుందాం, సిరా ఎందుకు పాకుతుందో చూద్దాం. ఉంటాను మరి, బై!