పెత్తనమును పనితనమును



కరీంనగరము, ఆదిలాబాదు సీమలనుండి బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయి, అచటి గొప్ప హోటళ్లలో కొలువు చేయువారు కలరు. అట్టివారిలో జగిత్యాల ప్రాంతపు యువకుడొకడు సెలవుపై వచ్చినపుడు నాతో చెప్పిన సంగతి వినుడు.

అతడు వంటశాలలో పింగాణి పళ్లెములు కడుగువాడు. మొదటి పై అధికారి, పళ్లెము పగిలినచో జీతములో కోసెడివాడు. అందుచే అంచు విరిగిన పళ్లెమును దొంతర నడుమ దాచుట అందరికిని అలవాటయ్యెను. ఒకనాడు అట్టి పళ్లెమే అతిథి ముందునకు పోయెను. తరువాత వచ్చిన అధికారి పగిలిన చప్పుడు వినగానే, "చేయి తెగలేదు గదా?" అని అడిగెనట. నాటినుండి విరిగినదానిని దాచినవాడు లేడు. చేతులవే, పళ్లెములవే, మారినది పెత్తన మొక్కటే.

హోటలులో అతిథికి ఎదురుపడువాడు యజమాని కాడు. తలుపు తీయువాడు, వడ్డించువాడు. భయముతో పనిచేయువాడు తప్పును దాచును. ఆజ్ఞకై ఎదురుచూచుచు నిలిచిపోవును. ఆపదవేళ అది ప్రాణాంతకము.

2008 నవంబరు 26 రాత్రి ముంబయిలోని తాజ్ మహల్ హోటలుపై ముష్కరులు దాడిచేసిరి. దారులెరిగిన సిబ్బంది ముందుగా తప్పించుకొని పోవచ్చును. కాని పెక్కుమంది అతిథులను కాపాడుటకు నిలిచిరి, కొందరు ప్రాణములర్పించిరి. విందుశాల బాధ్యత వహించిన 24 ఏండ్ల యువతి తలుపులు మూయించి, దీపములార్పించి, అతిథులకు రాత్రియంతయు ధైర్యము చెప్పెను. ప్రధానాధికారి కరంబీర్ సింగ్ కాంగ్ భార్యయు, ఇరువురు కుమారులును ఆ హోటలులోనే మరణించిరి. అయినను ఆయన తన విధిని వీడలేదు.

ఈ నిబ్బరము ఎచటిది? హార్వర్డు ఆచార్యుడు రోహిత్ దేశపాండే 2011లో ప్రకటించిన వ్యాసమున దీనిని విచారించెను. ఆ సంస్థ మహానగరములకంటె చిన్న పట్టణముల యువజనులనే ఎక్కువగా ఎన్నుకొనెడిదట. ఇతరులు 12 నెలలిచ్చు శిక్షణను 18 నెలలు ఇచ్చెడిదట. అతిథి మేలుకై అప్పటికప్పుడు నిర్ణయించు స్వాతంత్ర్యమును పనివారికి ఒసగి, మంచిపనిని ఆలస్యము లేక మెచ్చుకొనెడిదట.

మంచిమాట జీతమునకు మారు కాదు. న్యాయమైన కూలి మొదటి మర్యాద. కాని కూలి ఒక్కటే అట్టి విశ్వాసమును కొనిపెట్టజాలదు. చిన్న పట్టణపు మర్యాద మన మంచిర్యాల, సిరిసిల్లల బిడ్డలకును కొరతలేదు. దానిని పెంచుటయో, త్రుంచుటయో పెద్దల చేతిలో నున్నది.

పదిమందిచేత పని చేయించు సోదరులారా, సోదరీమణులారా! రేపు మీ యెదుట పళ్లెము పగిలినపుడు, మీ నోట మొదట వెలువడు మాట యేదో గమనింపుడు.