చర్మము - మేనికి కావలి

చర్మమనగా మేనిని కప్పియుంచు తోలు మాత్రమే యని మనము సామాన్యముగా తలచుచుందుము. అది కోటగోడ వంటిదనుట నిజమే. కాని ఆ గోడలోనే కావలివారును, కబురు మోయువారును, పోరాడువారును కాపురముండుట విశేషము.

చర్మపు పైపొర మృతకణములతో, పెంకులు పరచినట్లు ఏర్పడినది. దానిపై చెమటయు చమురును కలిసి కొంచెము ఆమ్లగుణమునిచ్చును. పెక్కు సూక్ష్మజీవులకు ఆ గుణము గిట్టదు. ముల్లు గ్రుచ్చుకొని గోడకు గండి పడినచో రెండవ వరుస మేల్కొనును.

1868లో పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను వైద్యవిద్యార్థి చర్మమునకు బంగారు లవణముతో రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో కొమ్మలు చాచిన కణములను కనుగొనెను. అవి నాడీకణములని అతడు భావించెను. అవి రక్షణకణములని తేలుటకు సుమారు నూరేండ్లు పట్టినది. ఈ కణములు చొరబడిన సూక్ష్మజీవి శకలమును పట్టుకొని, సమీపమున గల శోషరస గ్రంథికి పోయి, అచటి తెల్లరక్తకణములకు ఆనవాలు చూపును. ఆ కణములు వృద్ధిపొంది గాయమునకు తరలివచ్చును. కాలికి పుండు పడినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట మనమెరిగినదే కదా! పోరు ముగిసిన పిదప కొన్ని కణములు చర్మములోనే నిలిచి, అదే శత్రువు మరల వచ్చినచో వెంటనే గుర్తుపట్టును.

ఎరుపు, వాపు, దురద ఈ పోరాటపు గురుతులు. వీనిని అణచుటయే వైద్యమనుకొనుట ప్రమాదము. తామరకు మూలము బూజుజాతి సూక్ష్మజీవి. అది సోకినప్పుడు వైద్యుని అడుగకయే స్టెరాయిడు కలిసిన లేపనమును కొని పూయువారు మనలో పెక్కురు. కొలది దినములలో దురద తగ్గును; రోగము పోయెనని సంతోషింతుము. తగ్గినది కావలివాని కేక. దొంగ యింకను ఇంటిలోనే యున్నాడు. స్టెరాయిడు రక్షణకణములను జోకొట్టగా తామర చప్పుడు లేక ప్రాకును. పూత మానగానే ఇనుమడించి బయటపడును. దాని రూపు మారుటచే వైద్యునికిని గుర్తించుట కష్టమగును. మేనిఛాయకై ముఖమునకు దీర్ఘకాలము పూసినచో చర్మము పలుచబడును.

స్టెరాయిడు చెడ్డ మందని దీని భావము కాదు. ఎగ్జిమా వంటి వ్యాధులలో కావలివారే అతిగా చెలరేగుదురు. అప్పుడు వైద్యుడు చెప్పిన మోతాదులో అది మేలు చేయును. ఎవరిని అణచవలెనో, ఎవరికి తోడు నిలువవలెనో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. కావున పొరుగువారి మాట విని లేపనము కొనక, మందుచీటితోనే దుకాణమునకు పోవుదము. మన చర్మము రేయింబవళ్ళు మనలను కాచుచున్నది. దాని చేతులు మనమే కట్టివేయకుందుము గాక.