అంచున నిలబడ్డవారి కోసం ఆరు చుక్కలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తరువాత ఎవరు ఏ వ్యాపకం పెట్టుకున్నారో ఏటా ఒక్కొక్కరు చెప్పాలన్నది మన సంఘం ఆనవాయితీ. ఈ ఏడు ఆ బాధ్యత నా మీద పెట్టారు. గత కొన్నేళ్లుగా మన గ్రూపు ఫోటోలు తీస్తున్నవాణ్ణి నేనే గనుక, ఆ ఫోటోల వెనుక జరిగిన ఒక చిన్న కథ చెబుతాను. అందులో నా పొరపాట్లే ఎక్కువ.

2014లో మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఒక పాత కెమెరా తెచ్చి చేతిలో పెట్టాడు. దాని పేరు లైకా ఎం8. జర్మనీలోని లైకా కంపెనీ 2006లో విడుదల చేసిన కెమెరా అది. ఆ కంపెనీ రేంజ్‌ఫైండర్ కెమెరాలలో మొదటి డిజిటల్ కెమెరా అదే. రేంజ్‌ఫైండర్ అంటే, చిన్న కిటికీలోంచి చూస్తే మనిషి బొమ్మ రెండుగా కనపడుతుంది. లెన్సు తిప్పుతూ ఆ రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడేటట్టు చేస్తే ఫోకస్ కుదిరినట్టు. అన్నీ చేత్తో చేసుకోవలసిందే. చేతిపనికి అలవాటు పడ్డ నాకు అది బాగా నచ్చింది.

కెమెరా పాతదైనా ఆ కంపెనీ లెన్సుల ధర వింటే గుండె ఆగుతుంది. అందుకని జపాన్‌లో కొసినా అనే కంపెనీ ఫోక్ట్‌లాండర్ పేరుతో తయారుచేసిన 21 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి తీసుకున్నాం. అది మరచుట్టు లెన్సు. కెమెరాకు తగిలించడానికి మధ్యలో ఒక ఇత్తడి రింగు వేయాలి. దాన్ని అడాప్టర్ అంటారు. వెడల్పు లెన్సు గనుక చిన్న హాల్లో కూడా యాభై మందినీ ఒకే ఫోటోలో పట్టించవచ్చు.

2016 వార్షికోత్సవంలో ఆ కెమెరాతోనే గ్రూపు ఫోటో తీశాను. ఆనాటి మన కోశాధికారి గారు నల్లకోటు వేసుకుని మధ్య వరుసలో కూర్చున్నారు. మూడు నెలలు తిరగకుండానే ఆయన కాలం చేశారు. పటం కట్టించుకోవడానికి మంచి ఫోటో కావాలని వారి శ్రీమతిగారు కబురు పెడితే, ఆయన ముఖం వరకు పెద్దది చేయించి పట్టుకెళ్లాను. ఆమె చాలాసేపు చూసి, “అన్నయ్యగారూ, వారికి ఈ వంకాయరంగు కోటు ఎప్పుడుంది? అమ్మాయి పెళ్లికి కుట్టించుకున్న నల్లకోటు కదా ఇది” అన్నారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. రంగులు తీసేసి నలుపు తెలుపులో చేయించి ఇస్తే సరిపెట్టుకున్నారు. ఇప్పటికీ వారింట్లో ఆ పటమే ఉంది. నాకు మాత్రం సిగ్గనిపించింది.

తరువాత తెలుసుకుంటే తేలిన సంగతి ఇది. మన కంటికి కనపడని పరారుణ కాంతి ఒకటుంది. టీవీ రిమోటు పనిచేసేది దానితోనే. సింథటిక్ నల్లబట్టలు కొన్ని మన కంటికి నల్లగానే ఉన్నా ఆ కాంతిని వెనక్కి కొడతాయి. మామూలు డిజిటల్ కెమెరాలలో ఆ కాంతిని ఆపే గాజుపలక కాస్త మందంగా ఉంటుంది. ఈ కెమెరాలో లెన్సు వెనుక భాగం సెన్సార్‌కు చాలా దగ్గరగా ఉంటుంది గనుక మూలలకు వెలుగు బాగా ఏటవాలుగా వస్తుంది. గాజు మందమైతే మూలలు చెడతాయని అర మిల్లీమీటరు పలకే వేశారు. దాంతో పరారుణ కాంతి లోపలికి జొరబడి నలుపును వంకాయరంగు చేసింది. కెమెరా బయటికొచ్చిన కొద్ది రోజులకే ఈ గొడవ లోకమంతా తెలిసింది. కంపెనీవారు కొన్నవారికి లెన్సు ముందు తగిలించే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చారు. సెకండ్ హ్యాండులో వచ్చిన నా కెమెరాతో ఆ ఫిల్టర్లు రాలేదు.

ఫిల్టర్ తెప్పించి 2017 గ్రూపు ఫోటో తీశాను. కోట్లన్నీ నల్లగానే వచ్చాయి. సంతోషించాను. కానీ ప్రింటు చేతికొచ్చాక చూస్తే, రెండు చివర్లా నిలబడ్డవారి ముఖాలకు నీలీ ఆకుపచ్చా కలిసిన ఛాయ పట్టింది, జబ్బు మనుషుల్లాగా. కారణం మళ్లీ ఏటవాలు వెలుగే. ఆ ఫిల్టర్ మీద పలుచని పొరలుంటాయి. నిటారుగా వచ్చే వెలుగును బాగానే వదులుతాయి. ఏటవాలుగా వచ్చే వెలుగులో మాత్రం కొంత ఎరుపును కూడా కోసేస్తాయి. ఎరుపు తగ్గితే మిగిలేది నీలమూ ఆకుపచ్చా.

ఇక్కడ ఒక మాట. మన గ్రూపు ఫోటోలలో మధ్యలో కూర్చునేది ఎవరు? ఇంజనీర్లు, సూపరింటెండెంట్లు. అంచున నిలబడేది ఎవరు? లైన్‌మన్‌లు, తంతి పంచిన మెసెంజర్లు, వాచ్‌మన్‌లు. సర్వీసులో ఎక్కడ నిలబడ్డారో రిటైరయ్యాక కూడా అక్కడే నిలబడతారు, ఎంత పిలిచినా ముందుకు రారు. కెమెరా లోపం కూడా వెతుక్కుంటూ వెళ్లి వారి ముఖాలమీదే పడింది. ఒక మెసెంజర్ గారి మనవడు ఫోటో చూసి “తాతా, నీకేమైంది?” అని అడిగాడట. ఆయన నవ్వుతూనే చెప్పారు గాని నాకు నవ్వు రాలేదు.

దీనికి విరుగుడు కంపెనీవారే పెట్టారు. వారి లెన్సుల వెనుక అంచు మీద ఆరు చిన్న గుంటలుంటాయి. కొన్నింటిలో నలుపు, కొన్నింటిలో తెలుపు రంగు నింపుతారు. కెమెరా నోటి దగ్గర ఒక చిన్న కిటికీ ఆ ఆరింటినీ చదివి, తగిలించినది ఏ లెన్సో గుర్తుపడుతుంది. ఆ లెన్సుకు మూలల్లో ఎంత ఎరుపు తగ్గుతుందో లెక్క చూసి అంత కలుపుతుంది. ఇతర కంపెనీల లెన్సులకు సాధారణంగా ఆ గుంటలుండవు, కంపెనీ వేసి ఇవ్వదు. ఎం8లో ఏ లెన్సో మనం మెనూలో ఎంచుకునే వీలు కూడా లేదు. 2009లో వచ్చిన ఎం9లో ఆ సౌకర్యం పెట్టారు. కనుక నా బోటివాళ్లకు మిగిలింది ఒకటే దారి. ఆ చుక్కలు చేత్తో పెట్టుకోవడం.

ఆరు చుక్కలు, నలుపో తెలుపో అనగానే నాకు ప్రాణం లేచివచ్చింది. తంతి తపాలా శాఖలో నేను టెలిప్రింటర్ మెకానిక్‌ను. మన యంత్రాలకు అయిదు గుర్తులు, వాటితో 32 రకాలు. ఇక్కడ ఆరు, 64 రకాలు. కాగితం టేపు మీద మొదటి రెండు స్థానాల్లో రంధ్రాలుంటే అది ‘ఏ’ అక్షరం. రెండోది పడకపోతే అదే ‘ఈ’ అయిపోతుంది. ఒక్క చిల్లు పడకపోతే టెలిగ్రాములో ఊరి పేరే మారిపోయేది. 2013 జూలైలో తంతి సేవ ముగిసినప్పుడు ఈ విద్యకు ఇక పనిలేదనుకున్నాను.

నేను చేసిన విధానం చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు. లెన్సు జోలికి పోకుండా ఇత్తడి అడాప్టర్ మీదే చుక్కలు పెట్టాను. చెడితే రింగే పోతుంది, లెన్సు క్షేమం. లెన్సును బట్టి కిటికీలో ఏ చట్రం గీతలు రావాలో అడాప్టరే నిర్ణయిస్తుంది. అందుకని కంపెనీవారి 21 మిల్లీమీటర్ల లెన్సుకు వచ్చే 28, 90 గీతల జత అడాప్టరే తీసుకున్నాను. ఆరు కంతలున్న ప్లాస్టిక్ పలక ఒకటి అబ్బాయి పంపాడు. దాన్ని రింగు మీద ఆనించి, చెరగని నల్ల స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టాను. తెలుపు ఉండవలసినచోట మెరిసే లోహాన్ని అలాగే వదిలేశాను. ఫోటో తీసి కంప్యూటర్‌లో చూస్తే వివరాలలో 21 అని పడింది. ఆనాడు మా ఆవిడకు కూడా పాయసం దక్కింది.

ఆ సంతోషం కొద్ది రోజులే. రింగు తగిలించి తీసినప్పుడల్లా లోహానికి లోహం రాసుకుంటుంది. 2018 సమావేశం నాటికి ఒక చుక్క చెరిగిపోయింది. నేను చూసుకోలేదు. కెమెరా లెన్సును గుర్తుపట్టలేదు. అంచువారి ముఖాలు మళ్లీ నీలం. టేపు పరీక్షించకుండా టెలిగ్రాము పంపినట్టయింది నా పని. నలభై ఏళ్ల సర్వీసులో అలా ఎన్నడూ చేయలేదు.

అప్పుడు బుద్ధి తెచ్చుకుని, లెన్సు విప్పి పక్కన పెట్టి, చిన్న చేతి డ్రిల్లుతో రింగు మీద ఆరు పలుచని గుంటలు చేశాను. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు భూతద్దం, వణికే చేతికి బల్ల అంచు ఆసరా. ఇత్తడి పొడి ఒక్క రవ్వ కూడా మిగలకుండా కడిగి ఆరబెట్టాను, ఆ పొడి కెమెరాలోకి పోతే మొదటికే మోసం. చెక్కిన అగ్గిపుల్లతో నలుపు, తెలుపు ఎనామెల్ నింపి, పైకి ఉబ్బిన రంగును తుడిచేశాను. రంగు గుంటలో ఉంది గనుక ఇక రాపిడి తగలదు. మెనూలో లెన్సు గుర్తింపు, ఫిల్టర్ రెండూ ఉన్నాయని చెప్పాలి. అలా చెప్పి ఫిల్టర్ తగిలించడం మరిచిపోతే మూలలు ఎర్రబడతాయి.

ఇది కెమెరాకు అబద్ధం చెప్పడం కాదా అని మావాడు అడిగాడు. నిజమే, నా జపాను లెన్సు జర్మనీ లెన్సునని చెప్పుకుంటోంది. రెండింటి కొలతా ఒకటే అయినా తయారీ వేరు గనుక దిద్దుబాటు సరిగ్గా సరిపోదు, దాదాపుగా సరిపోతుంది. అసలు ఏ లెన్సుతో తీశానో పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నాను. చుక్కల గొడవ వద్దనుకునేవారికి కార్నర్‌ఫిక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంది. అదే లెన్సుతో తెల్ల కాగితాన్ని ఫోటో తీసి చూపితే, ఆ లెక్కతో మూలలను అదే సరిచేస్తుంది. పాడైన నా 2017, 2018 ఫోటోలను దానితోనే బాగుచేసి ఎవరివి వారికి ఇచ్చాను.

2019 గ్రూపు ఫోటో మన ఆఫీసు గోడకు ఉంది, వెళ్లేటప్పుడు చూడండి. ఎడమ చివర నిలబడ్డ మెసెంజర్ గారి ముఖం ఎండలో సైకిలు తొక్కి నల్లబడిన ముఖమే, ఉన్నది ఉన్నట్టుగా ఉంది. మనవడికి చూపిస్తే “ఇప్పుడు మా తాతలా ఉన్నాడు” అన్నాడట. ఆ మాట నాకు చాలు.

ఇవాళ కూడా భోజనాలకు ముందు ఫోటో ఉంది. పొద్దున్నే చుక్కలు భూతద్దంతో పరీక్షించి వచ్చాను. ఒక్క మనవి. ఎప్పుడూ మధ్యలో కూర్చునే పెద్దలు ఈసారి దయచేసి అంచులకు రండి. ఇన్నేళ్లు అంచున నిలబడినవారు మధ్యలో కూర్చుంటారు. ఫోటో ఎలా వస్తుందోనన్న బెంగ ఎవరూ పెట్టుకోనక్కరలేదు.