వకాల్తా మీద సంతకం చేసే ముందు



న్యాయవాదులను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్ము కోరారు. మేము సర్కారు కచేరీలో ఫైళ్ల నడుమ జీవితం గడిపినవారమే గాని నల్లకోటు తొడిగినవారము కాము. కనుక వకీలు గడప ఎక్కే సామాన్యుని పక్షాన చెప్పే మాటలుగానే వీటిని స్వీకరించగోరుతున్నాము.

ఇంగ్లండులో ఈ వృత్తి రెండు పాయలుగా సాగుతుంది. కక్షిదారును కలిసి, కాగితాలు పరిశీలించి, దస్తావేజులు సిద్ధపరచేవారు సొలిసిటర్లు. పై న్యాయస్థానాలలో నిలిచి వాదించేవారు ప్రధానంగా బారిస్టర్లు. బొంబాయి, కలకత్తా హైకోర్టులలోనూ ఒకప్పుడు ఇటువంటి ఏర్పాటే ఉండేది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం, దానికి 1976లో వచ్చిన సవరణ ఆ భేదాలను తుడిచివేశాయి. సుప్రీంకోర్టులో కాగితం దాఖలు చేసే అధికారం అడ్వకేట్-ఆన్-రికార్డుకే పరిమితమన్న నియమం మాత్రం నిలిచి ఉన్నది.

ఫలితంగా రెండు పనులూ ఒక్కరి నెత్తినే పడ్డాయి. మనవారు గొంతు చూసి వకీలును ఎన్నుకొంటారు. కేసులు చాలావరకు ఓడిపోయేది కాగితం దగ్గర! మెహర్ మొత్తం వ్రాసి ఉన్న నికాహ్‌నామా ఇంట్లో పెట్టె అడుగున ఉండిపోతుంది. వాయిదా తేదీ గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒకనాడు ఎక్స్‌పార్టీ డిక్రీ అయిందన్న కబురు వస్తుంది. అందుకే ఖాళీ వకాల్తాపై, ఖాళీ కాగితంపై సంతకం చేయరాదు. ఇచ్చిన ప్రతి పత్రానికీ నకలు ఉంచుకోవాలి. చెల్లించిన ఫీజుకు రసీదు అడగాలి. అడగడం అమర్యాద అని మనవారిలో ఒక సంకోచం ఉన్నది. అది వకీలుకు గౌరవమూ కాదు, మనకు మేలూ కాదు.

ఫీజు బాకీ తీరేవరకు ఇంటి పత్రాలు ఇవ్వనని వకీలు అన్నాడంటూ ఒక వితంతువు మా వద్దకు వచ్చింది. ఫీజు కొరకు కక్షిదారు ఫైలును పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చి చెప్పింది. ఆ తీర్పు ప్రతితో ఆమెను తిరిగి పంపాము. పత్రాలు చేతికి వచ్చాయి. ఫీజు ఎగవేయమని మా భావం కాదు. బాకీ వసూలుకు చట్టంలో వేరే దారి ఉన్నది.

ఇక వకీలును పెట్టుకొనే స్తోమత లేనివారి సంగతి. పడదగిన శిక్షాకాలాన్ని మించి విచారణ ఖైదీలుగానే బీహారు జైళ్లలో మగ్గినవారి గోడు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పేద నిందితునికి ఉచిత న్యాయసహాయం 21వ అధికరణంలో అంతర్భాగమని కోర్టు పలికింది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది. మైనారిటీ అన్న కారణం ఆ జాబితాలో లేదు. కనుక నిర్బంధంలో లేని మన పేద పురుషులలో అత్యధికులకు ఆదాయ పరిమితి ఒక్కటే దారి. ఈ లోపాన్ని గురించి మన సంఘాలు ఎందుకు గట్టిగా అడగవో మాకు అర్థం కాదు. మనోవర్తి కొరకు అప్పు చేసి వకీలును పెట్టుకొన్న ఆడపడుచులు ఈ సభలోనే ఉండవచ్చు. ఆ అప్పు అవసరమే లేదు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పెట్టుకోవలసిన దరఖాస్తులు ఆ మూలనున్న బల్లపై ఉన్నాయి. వ్రాయడం రానివారికి మేమే కూర్చుండి నింపి ఇస్తాము.