బయటివాళ్ళ పని



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం కమిటీవారి పెద్దమనసు. ఒప్పుకోవడంలో నా స్వార్థం కొంత ఉంది. అది కాసేపట్లో బయటపడుతుంది. మాస్టారు ఎక్కడ పుట్టారు, ఎక్కడ చరిత్ర చెప్పారు, ఎన్నిసార్లు జైలుకెళ్ళారు, ఇవన్నీ మీ చేతుల్లోని ఆహ్వానపత్రం వెనక అచ్చయ్యే ఉన్నాయి. మళ్ళీ చదవను. అందులో లేనిది ఒకటుంది. ఆయన అరువు తీసుకున్న పుస్తకం ఓ పట్టాన తిరిగిచ్చేవారు కాదు. ఇచ్చినా, మార్జిన్ల నిండా పెన్సిలుతో, రాసినవాణ్ణీ కొన్నవాణ్ణీ కలిపి తిట్టి ఇచ్చేవారు. పాలస్తీనా పల్లెలకు తోడుగా వెళ్ళే ఇజ్రాయెలీల గురించి డేవిడ్ షుల్మన్ రాసిన 'డార్క్ హోప్' నా ప్రతి అలాగే తిరిగొచ్చింది. ఆఖరి పేజీలో రెండే మాటలు: "వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు."

ఆ రెండు మాటల మీద మా తగవు ఆయన బతికుండగా తేలలేదు. ఇవాళ మైకు నా దగ్గరుంది. ఆయన అడ్డుతగిలే వీల్లేదు కాబట్టి, ఆయన వాదాన్ని ఆయనంత గట్టిగా చెప్పి మరీ జవాబిస్తాను.

1948, 1967, ఓస్లో, రెండు ఇంతిఫాదాలు, గాజా: ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఇవి నేను చెప్పాలా? దాటుకుని వెస్ట్ బ్యాంకు దక్షిణపు కొసకు పోదాం. హెబ్రాన్ దిగువన యత్తా పట్నం. అక్కణ్ణుంచి ఎడారి వైపు దిగే కొండల మీద చిన్న చిన్న పల్లెలున్నాయి. అన్నిటినీ కలిపి మసాఫర్ యత్తా అంటారు. గొర్రెలు, మేకలు, వాన మీద పండే గోధుమ, బార్లీ. చాలా కుటుంబాలకు కొండలోకి తొలిచిన గుహలే తరతరాల ఇళ్ళు. 1980ల మొదట్లో సైన్యం అక్కడ సుమారు 30 వేల దునుములను, అంటే మన లెక్కలో 7 వేల ఎకరాల పైచిలుకును, 918వ నంబరు ఫైరింగ్ జోన్ చేసింది. 1999 నవంబరులో 700 మంది దాకా జనాన్ని అక్కణ్ణుంచి వెళ్ళగొట్టింది. 2000 మార్చిలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు, వ్యాజ్యం తేలేదాకా వాళ్ళను ఉండనివ్వమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తేలడానికి 22 ఏళ్ళు పట్టింది.

ఆ 2000లోనే, రెండో ఇంతిఫాదా మొదలైన రోజుల్లో, అరబ్బులూ యూదులూ కలిసి తాయుష్ అనే బృందం పెట్టుకున్నారు. కలిసి బతకడం అని దాని అర్థం. శనివారం శనివారం జెరూసలేం నుంచి బండ్లు కట్టుకుని ఈ కొండలకు వెళ్తారు. లాటిన్ చెప్పే ఆచార్యుడు అమియెల్ వర్ది ఉన్నాడు. ప్లంబర్ ఎజ్రా నవీ ఉండేవాడు. ఇళ్ళు కూలగొడుతున్నప్పుడు అడ్డుపడ్డ కేసులో 2010లో జైల్లో గడిపాడు, 2021లో పోయాడు. మన షుల్మన్ ఉన్నాడు. వెల్చేరు నారాయణరావుగారితో కలిసి క్షేత్రయ్యనూ అన్నమయ్యనూ పింగళి సూరననూ ఇంగ్లీషు పాఠకులకు అందించినవాడు, రాజమండ్రిలో ఉండి డైరీ రాసుకున్నవాడు. మన సాహిత్య సభల్లో ఆయనకు దండ వేసి, ఆ కొండల సంగతి 'శాంతికాముకుడు కూడా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. 2016లో ఇజ్రాయెల్ ప్రైజ్ వస్తే, ఆ 75 వేల షెకెళ్ళనూ తాయుష్‌కు ఇచ్చేసిన మనిషికి అది 'కూడా' ఎలా అవుతుంది? మన పండితుల మీద నాకున్న ఈ ఫిర్యాదు వేరే. దానికి ఇంకో సభ కావాలి.

ఇక మాస్టారి వాదం. ఆయన మూడు మాటలనేవారు. ఒకటి: వచ్చినవాడి జేబులో పాస్‌పోర్టు ఉంటుంది, సాయంత్రానికి ఇల్లు ఉంటుంది, గొర్రెల కాపరికి రెండూ ఉండవు. రెండు: ఈ మంచివాళ్ళ వల్ల లాభం ఆక్రమించిన రాజ్యానికే, మాలో ఎంత మంచివాళ్ళున్నారో చూడండని చెప్పుకుంటుంది. మూడు: ఇంత చేసీ ఆపిందేమీ లేదు.

రెండోదానికి నేను పెద్దగా శ్రమపడను. తాయుష్‌నూ, సైనికుల వాంగ్మూలాలు అచ్చువేసే 'బ్రేకింగ్ ది సైలెన్స్'నూ అక్కడి మంత్రులు ఎలా తిట్టిపోశారో చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. అలంకారంగా చూపించుకునే మనుషులకు ఎవరూ బేడీలు వెయ్యరు.

మొదటి మాట నిజం. నిజమే కాదు, నా వాదానికి పునాది కూడా అదే. 1967 నుంచి ఒకే కొండ మీద రెండు చట్టాలు నడుస్తున్నాయి. సెటిలర్‌కు ఇజ్రాయెల్ పౌర చట్టం, పక్క లోయలోని పాలస్తీనియన్‌కు సైనిక చట్టం. కాపరి ఒంటరిగా ఉన్నప్పుడు కొండ మీద సైనిక చట్టం ఒక్కటే ఉన్నట్టు. పక్కన ఇజ్రాయెలీ పౌరుడు నిలబడ్డాడా, అతని వెంట రెండో చట్టం కూడా వస్తుంది. పోలీసుకు ఫోన్ చేస్తే ఎత్తాలి, ఫిర్యాదు రాసుకోవాలి, అరెస్టు చేస్తే జడ్జి ముందు పెట్టాలి. వెళ్ళిపోగలవాడు కాబట్టే అతను పనికొస్తాడు. సైనికాధికారి కాగితం పట్టుకొచ్చి 'ఇది మూసిన సైనిక ప్రాంతం, వెళ్ళండి' అంటాడు. కాపరి అడిగితే తుపాకీ మడమే జవాబు కావచ్చు. ఈ జెరూసలేం ఆచార్యుడు మాత్రం నిలబడి అడుగుతాడు: సంతకం ఎవరిది? పటం ఏది? ఎన్ని గంటలదాకా? ఆ పది నిమిషాల్లో మేకలు ఇంకో నాలుగు మొక్కలు మేస్తాయి. నవ్వకండి, మేత మీదే అక్కడ బతుకు.

బయటి దేశాలవాళ్ళ పని ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. తూబా అనే పల్లె పిల్లలు బడికి అత్-తువానీ రావాలి. దగ్గరి దారి మఓన్ సెటిల్‌మెంటుకూ, దాని పక్కన వెలిసిన హవాత్ మఓన్‌కూ మధ్యనుంచి పోతుంది. 2004లో ఆ పిల్లలకు తోడు నడిచిన క్రిస్టియన్ పీస్‌మేకర్ టీమ్స్ వాళ్ళను ముసుగులేసుకున్నవాళ్ళు ఆస్పత్రి పాలయ్యేలా కొట్టారు. ఆ గొడవ ఇజ్రాయెల్ పార్లమెంటు (క్నెసెట్) కమిటీ దాకా వెళ్ళి, ఆ ఏడాది చివరికి పిల్లలకు సైనిక జీపు తోడు ఏర్పాటైంది. ఆ తర్వాత 'ఆపరేషన్ డవ్' అనే ఇటలీ బృందం పని ఏమిటయ్యా అంటే, గట్టు మీద నిలబడి జీపు ఎన్నింటికి వచ్చింది, ఆఖరుదాకా నడిచిందా లేదా, పిల్లలు ఎంతసేపు ఎదురుచూశారు అని రాసుకోవడం. ఏళ్ళ తరబడి అదే. మాస్టారికి ఇది హాస్యంగా ఉండేది. నాకు కాదు. హాజరుపట్టీ లేని సైన్యానికి వాళ్ళు హాజరుపట్టీ రాశారు.

పాస్‌పోర్టు అన్నిసార్లూ కాపాడిందా? లేదు. 2003 మార్చి 16న రఫాలో, ఇంటికి అడ్డంగా నిలబడ్డ రేచల్ కోరీ బుల్‌డోజర్ కింద పోయింది. 2024 సెప్టెంబరులో బైతా ఊరి దగ్గర ఐషెనూర్ ఎజ్గీ ఐగీ తూటాకు పోయింది. ఇద్దరూ అమెరికా పౌరులే.

ఇప్పుడు మూడో మాటకు వస్తాను. నా తగవంతా ఇక్కడే. ఆపారా అన్న ప్రశ్నే తప్పు ప్రశ్న అంటాను.

నబ్లూస్ దగ్గర యానూన్ అనే ఊరు చూడండి. పక్క కొండ మీది సెటిలర్ల దాడులు తట్టుకోలేక 2002 అక్టోబరులో ఊరు ఊరంతా సామాన్లు కట్టుకుని పోయింది. తాయుష్‌వాళ్ళూ విదేశీ వాలంటీర్లూ వెళ్ళి ఆ ఖాళీ ఇళ్ళ మధ్య మకాం పెట్టారు. కుటుంబాలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. తర్వాత చర్చిల ప్రపంచ మండలి తరఫున వచ్చేవాళ్ళు ఏళ్ళపాటు వంతులవారీగా అక్కడే ఉన్నారు. కథ ఇంతటితో ఆగితే మాస్టారే గెలుస్తారు, అవన్నీ చిన్న విజయాలని. కానీ 2004లో ఆ యానూన్ గ్రామ మండలి పెద్ద రషీద్ మురార్, ఇజ్రాయెల్ పౌరహక్కుల సంఘమూ 'రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్' తోడు రాగా, సుప్రీంకోర్టుకెక్కాడు. 2006 జూన్‌లో తీర్పు వచ్చింది: సెటిలర్ల నుంచి రైతును కాపాడుతున్నామన్న పేరుతో రైతు పొలాన్నే అతనికి మూసేయడం కుదరదు, అతను పొలానికి వెళ్ళేలా సైన్యమే కాపాడాలి. ఆ తర్వాత కొండల మీద కాగితం చూపించిన అధికారులందరికీ ఎదురు చూపించిన కాగితం ఇదే. తీర్పు అమలైనచోట్లు తక్కువ, ఒప్పుకుంటాను. కానీ 2002లో యానూన్ ఖాళీగానే ఉండిపోతే 2004లో అర్జీదారు ఎక్కణ్ణుంచి వచ్చేవాడు? ఊరు ఉంటేనే ఊరిపెద్ద.

దీనికి ఎదురు మసాఫర్ యత్తా తీర్పు. 2022 మే 4న ముగ్గురు న్యాయమూర్తులు అర్జీలు కొట్టేశారు. తీర్పు రాసిన డేవిడ్ మింట్జ్ తేల్చిందేమిటంటే, ఫైరింగ్ జోన్ ప్రకటించేనాటికి వీళ్ళు అక్కడ శాశ్వతంగా నివసించినట్టు రుజువు లేదు. ఆధారాల్లో ముఖ్యమైనవి విమానాల నుంచి తీసిన ఫొటోలు. వాటిలో ఇళ్ళు కనబడలేదట. అయ్యా, గుహ విమానంలోంచి కనబడుతుందా? యాకొవ్ హవకూక్ అనే ఇజ్రాయెలీ పరిశోధకుడు 1970ల చివర్లో ఆ గుహవాసుల మధ్య ఏళ్ళ తరబడి మసలి పుస్తకం రాశాడు. 1985లో దాన్ని అచ్చువేసింది సాక్షాత్తూ ఇజ్రాయెల్ రక్షణ శాఖ. అంటే అక్కడ మనుషులున్నారని చెప్పే పుస్తకం సైన్యం బీరువాలోనే ఉంది. ఇరుపక్షాలూ దాన్నే పట్టుకుని వాదించాయి. ఇంకా ఉంది. అప్పటి వ్యవసాయమంత్రి ఏరియల్ షరోన్ 1981లో ఒక సమావేశంలో, అరబ్బు పల్లెలు కొండల నుంచి ఎడారి వైపు వ్యాపిస్తున్నాయి కాబట్టి అక్కడ సైనిక శిక్షణ ప్రాంతాలు పెంచుకోండని సైన్యానికి సూచించిన మినిట్స్‌ను అకెవోత్ అనే ఇజ్రాయెలీ పరిశోధన సంస్థ బయటికి తీసింది. అది కోర్టు ముందుకు వచ్చినా ఫలితం మారలేదు. బలవంతపు తరలింపును నిషేధించే నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణం కూడా అడ్డు కాలేదు.

1980కి ముందు ఆ కొండల మీద సాక్షిగా ఒక్క హవకూక్ ఉన్నాడు. 2000 తర్వాత ప్రతి శనివారం ఒక బండెడు సాక్షులున్నారు. ఇక మీద ఏ న్యాయమూర్తీ 'అక్కడ ఎవరూ లేరు' అని రాయలేడు. ఇంకేదో రాస్తాడు, సరే. ఆ ఒక్క మాట మాత్రం రాయలేడు. బయటివాళ్ళ పని ఇదే అంటాను. బాసిల్ అద్రా, యువల్ అబ్రహాం, మరో ఇద్దరు కలిసి తీసిన 'నో అదర్ ల్యాండ్' 2025లో ఆస్కార్ తెచ్చుకుంటే లోకం చూసింది ఆ ఏళ్ళ వీడియోల్లో పిసరంత.

మాస్టారు ఊరుకోరని తెలుసు. 2023 అక్టోబరు చివర్లో జనూతా ఊరివాళ్ళు, సుమారు 250 మంది, దాడులకు ఓర్వలేక వెళ్ళిపోలేదా అంటారు. వెళ్ళిపోయారు. 2024 జులైలో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి రానివ్వమంది. వచ్చినవాళ్ళకు కూలిన బడి, పైకప్పు లేని గోడలు కనిపించాయి. కొద్ది వారాల్లో మళ్ళీ పోవలసి వచ్చింది. 2025 జులై 28న ఉమ్ అల్-ఖైర్‌లో, ఎందరో అతిథులకు ఆ కొండలు చూపించిన ఉపాధ్యాయుడు అవదా హతలీన్‌ను ఒక సెటిలర్ కాల్చి చంపాడని ఊరివాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రపు వీడియో ఉంది. వీడియో ఉన్నా మనిషి పోయాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, జవాబుందని నటించను. వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు అన్నమాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. పాతికేళ్ళుగా వస్తూనే ఉన్నారు.

ఇక నా స్వార్థం. నాలుగేళ్ళ కిందటి వరకు నేను శాసనాలు చదువుకునే మనిషిని. ఊరు ఎవరిదో తేల్చడానికి రాయి మీద ఏం చెక్కారో చూడటం నా వృత్తి. ఇప్పుడు అదే కళ్ళతో ఈ 918వ నంబరు జోన్ కాగితాలు చదువుతున్నాను. 1981 మినిట్స్, 2000 మధ్యంతర ఉత్తర్వు, 2006, 2022 తీర్పులు, గట్టు మీద రాసిన జీపుల పట్టీల్లో అందినన్ని, అన్నీ కలిపి తెలుగులో ఒక సంపుటం తేవాలని. పాలస్తీనా మీద మనకు కవితలు చాలినన్ని ఉన్నాయి. కాగితాలు లేవు. కమిటీవారు ఈ సభకిచ్చిన పారితోషికం టైపింగుకే సరిపోతుంది, అచ్చు ఖర్చు గురించి వారితో విడిగా మాట్లాడతాను.

నాకు హీబ్రూ అక్షరాలు కూడబలుక్కునేంత వచ్చు, తీర్పు చదివేంత రాదు. ఇంగ్లీషు అనువాదం మీద ఆధారపడి తెలుగు చేస్తే మాస్టారు పెన్సిలు తీసేవారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇజ్రాయెల్ వెళ్ళి, ముసలివాళ్ళకు సేవ చేస్తూ ఏళ్ళ తరబడి ఉండి, ఆ భాష ఇంట్లో మాట్లాడినంత తేలిగ్గా నేర్చుకుని వచ్చిన తెలుగువాళ్ళున్నారు. ఈ హాల్లో వాళ్ళ చుట్టాలెవరైనా ఉండే ఉంటారు. తీర్పు పక్కన పెట్టుకుని వారానికి ఒక పూట నాతో కూర్చోగలిగినవాళ్ళు ఉంటే, సభ కాగానే కమిటీవారి దగ్గర మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళండి.